విరిగిన ప్రొటీను, కడిగిన సీసా

ఆమెను ఆ ల్యాబులో అందరూ బఫరక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేదు. ఇరవై మూడేళ్ళుగా ఆమె చేసేది ఒకటే పని. పొడులు తూచి, నీళ్ళలో కలిపి, పులుపు ఎంతుందో మీటరు ముంచి చూసి, సీసాల్లో పోసి చీటీ అంటించడం. ఆ నీళ్ళ పేరే బఫర్. ప్రొటీన్ల మీద పరిశోధన చేసే చోట బఫర్ లేకుండా ఏదీ కదలదు. చేప ఎంత గొప్పదైనా నీళ్ళలోనే ఉండాలి కదా. పత్రికల్లో అచ్చయ్యేది మాత్రం చేప బొమ్మే. నీళ్ళు పట్టుకొచ్చిన మనిషి బొమ్మ ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు.

అందుకు బఫరక్కకు బాధేమీ లేదు. ఆమె గర్వమంతా సీసాలు కడగడంలో ఉంది. ఏడుసార్లు మామూలు నీళ్ళతో, మూడుసార్లు శుద్ధి చేసిన నీళ్ళతో. కడిగాక సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటుంది. లోపలి నీరు పలచటి పొరలా ఏకంగా జారిపోవాలి. ఎక్కడైనా బొట్టుగా ఆగిందంటే అక్కడ జిడ్డు ఉన్నట్టే, సీసా మళ్ళీ తొట్టిలోకి. ఇంట్లో కూడా ఇదే జబ్బు. భర్త దర్జీ. ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాడు. మంచినీళ్ళు అడిగితే ఆమె గ్లాసు కడిగి వెలుతురుకు ఎత్తి చూస్తుంటే, నోట్లో దారం పెట్టుకునే ఆయన అనేవాడు:

"నేను అడిగింది నీళ్ళు. గ్లాసుకు ఎక్స్‌రే కాదు."

"ఉండండి. అడుగున ఏదో మచ్చ ఉంది."

"అది గ్లాసు కంపెనీ వాడి ముద్రే. ముప్పై ఏళ్ళ నుంచీ చూస్తున్నావు."

ఆమె గది గోడ మీద ఒక కాయితం ఉంది. ప్లాస్టిక్ తొడుగు వేసి నాలుగు మూలలా మేకులు కొట్టారు. బఫర్‌లో ఏమేం వెయ్యాలి, ఎంతెంత వెయ్యాలి, మొత్తం ఆరు వరసలు. పెద్దసారు వయసులో ఉన్నప్పుడు స్వహస్తాలతో రాసినది. పెద్దసారంటే ఆ ల్యాబును ఏలే ప్రొఫెసరు. కాలక్రమంలో ఆయన జుట్టు తెల్లబడింది, కళ్ళద్దాలు మందమెక్కాయి, పొట్ట ముందుకు వచ్చింది. ఆ ఆరు వరసలు మాత్రం ఇసుమంతైనా మారలేదు. కొత్తగా చేరిన విద్యార్థులకు ఆయన మొదటిరోజే ఆ కాయితం చూపించి, "ఇది మారదు. మీరు మారండి" అని చెప్పేవారు. తర్వాత దాన్ని చూసే పని ఎవరికీ ఉండేది కాదు. బఫర్ కావాలంటే బఫరక్కను అడుగుతారు. ఆమె సీసా ఇస్తుంది. సీసా మీద 'బఫర్ ఒకటి' అని ఉంటుంది. లోపల ఏముందో చదువుకున్నవాళ్ళు అడగరు. చదువుకోనివాళ్ళు ఆ ల్యాబులో బఫరక్క ఒక్కతే, ఆమెకు అడగాల్సిన పనే లేదు.

ఐదో వరసలో ఈడీటీఏ అనే తెల్లటి పొడి ఉంది. లోహం ఎక్కడ కనబడినా వాటేసుకుని వదలకపోవడం దాని గుణం. కణాలను నలగ్గొట్టి రసం తీసినప్పుడు అందులోకి ప్రొటీన్లను ముక్కలు చేసే కత్తెరల్లాంటి పదార్థాలు కూడా వచ్చిపడతాయి. వాటిలో కొన్నిటికి లోహం లేకపోతే పదును ఉండదు. ఈ పొడి వేస్తే లోహం పోతుంది, కత్తెర మొద్దుబారుతుంది, ప్రొటీను బతికి బట్టకడుతుంది. పెద్దసారు వయసులో పేరు తెచ్చుకున్న ప్రొటీను విషయంలో ఇది అక్షరాలా నిజం. అందుకే ఆయన దానికి 'కాపలాదారు' అని పేరు పెట్టారు. బఫరక్క మాత్రం ఆ పొడిని ఇంకో పనికి కూడా వాడేది. నీళ్ళు మరిగించే పాత్ర అడుగున గట్టిగా పేరుకున్న తెల్లటి పెచ్చును అది గంటలో ఊడగొట్టేది. లోహాలంటే దానికి ఎంత ఆకలో ఆ ల్యాబులో చేతులతో చూసిన మనిషి ఆమె ఒక్కతే.

ఆరేళ్ళ కిందట పెద్దసారు పాత ప్రొటీన్‌ను వదిలేసి కొత్తదాని మీద పడ్డారు. ప్రొటీన్ అంటే పూసలదండ లాంటిది. దండ తనంతట తాను ముడుచుకుని ఒక ఆకారానికి వస్తేనే అది పని చేస్తుంది. కొన్ని దండల్లో మరీ పొట్టి భాగాలు ఉంటాయి. ముప్పై పూసలకు మించవు. సొంతంగా ముడుచుకుని నిలబడే సత్తా వాటికి ఉండదు. అందుకని అక్కడి పూసల్లో నాలుగు కలిసి మధ్యలో ఒక జింకు రేణువును పట్టుకుంటాయి. మన పాతవాళ్ళు తుత్తునాగం అన్నారే, అదే జింకు. ఆ రేణువు ఏ పనీ చెయ్యదు. దేన్నీ కొయ్యదు, దేన్నీ అతికించదు. మధ్యలో ఊరికే కూర్చుంటుంది. అది కూర్చుంది కాబట్టే మిగతాదంతా వేలు ఆకారంలో నిటారుగా నిలబడుతుంది. అది లేచిపోతే దండ జారిపోయి పీచులా చిక్కులు పడుతుంది.

ఈ విషయం పెద్దసారుకు తెగ నచ్చింది. సభల్లో ఆయన చివరికి తప్పకుండా అనేవారు: "మా ల్యాబులో నేను కూడా ఈ జింకు లాంటివాణ్నే." ఏ పనీ చెయ్యకుండా మధ్యలో కూర్చోవడం గురించి అయితే విద్యార్థులు కూడా ఒప్పుకునేవారు.

ఆ ప్రొటీను నమూనా ఒకటి ల్యాబు గుమ్మం పక్కన పెట్టించారు. థర్మకోలు ముక్కలతో మనిషెత్తు బొమ్మ, మధ్యలో వెండి రంగు పూసిన పింగ్‌పాంగ్ బంతి. ఎవరు చూడ్డానికి వచ్చినా పెద్దసారు బెత్తం పెట్టి ఆ బంతిని చూపించి, "ఇది తీసేస్తే మొత్తం కూలిపోతుంది" అనేవారు. సోమవారం సోమవారం దాని దుమ్ము దులిపేది బఫరక్కే.

ఈ ప్రొటీను పని ఒక అమ్మాయికి అప్పగించారు. ఐదేళ్ళలో అయిపోవాల్సిన పరిశోధన ఆరో ఏట పడింది కాబట్టి తోటివాళ్ళు ఆమెను 'ఆరో ఏడు' అని పిలిచేవారు. ఏడో ఏడు వస్తే పేరు మారుస్తారా అని ఆ అమ్మాయి ఒకసారి అడిగింది. అలవాటైపోయింది, ఉండనీ అన్నారు.

ఆరో ఏడు ప్రొటీన్‌ను చక్కగానే తీసేది. సాయంత్రం నాలుగింటికి అది గాజుగొట్టంలో నీళ్ళలా తేటగా ఉండేది. దాన్ని సన్నటి రంధ్రాలున్న సంచీలో పోసి, రెండు కొసలూ ముడేసి, బఫరక్క ఇచ్చిన రెండు లీటర్ల బఫర్‌లో వేలాడదీసి, చల్లగదిలో పెట్టి ఇంటికి వెళ్ళేది. సంచీ లోపలి చిల్లర సరుకంతా బయటికి పోతుంది, బయటి బఫర్ లోపలికి వస్తుంది, ప్రొటీను మాత్రం పెద్దది కాబట్టి లోపలే ఉండిపోతుంది. పొద్దున వచ్చి చూస్తే సంచీ నిండా విరిగిన పాలు. తెల్లటి పెళ్ళలు పైకీ కిందికీ తేలుతుండేవి.

ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. పదకొండుసార్లు.

పెద్దసారు కారణాలు వెతికారు. మొదట కరెంటు అన్నారు. తర్వాత పైఅంతస్తులో కుర్చీలు జరుపుతున్నారని, ఆ అదురుకు విరుగుతోందని అన్నారు. పైఅంతస్తువాళ్ళు కుర్చీల కాళ్ళకు రబ్బరు తొడిగారు. మళ్ళీ విరిగింది. ఆ తర్వాత అమ్మాయిలో శ్రద్ధ లేదన్నారు. ఆ అమ్మాయి శ్రద్ధగా రెండు రోజులు ఏడ్చింది. మళ్ళీ విరిగింది. చివరికి మిగిలింది సీసాలు. సీసాలంటే బఫరక్క.

గాజుసామాను శుభ్రతా పరిశీలక సంఘం అని ముగ్గురితో ఒకటి వేశారు. అందులో ఇద్దరు జన్మలో ఒక్క గ్లాసు కడిగినవాళ్ళు కారు. మూడో ఆయన రసాయనశాస్త్రం ఆయన, ఆ రోజు ఆయనకు జలుబు. ముగ్గురూ ఆమె గదికి వచ్చి సీసాలు ఎత్తి చూశారు, తిప్పి చూశారు, జలుబాయన వాసన కూడా చూశారు. బఫరక్క పక్కన నిలబడి, "లోపల వేలు పెట్టకండి సార్, కడిగినవి" అంది. అది వాళ్ళకు తలబిరుసుగా వినిపించింది. నివేదికలో రాశారు: 'మురికి కంటికి కనబడలేదు. కనబడని మురికే మరింత ప్రమాదకరం.'

వారం తిరక్కుండా మెమో వచ్చింది. గాజుసామాను శుభ్రతలో నిర్లక్ష్యం చేసినందుకు ఆమెను ఒకటో తారీకు నుంచి స్టోరుకు మార్చడమైనది, విషయం ఆమె సర్వీసు ఫైలులో నమోదు చెయ్యడమైనది. పైన నంబరు, కింద పెద్దసారు సంతకం.

ఆ సాయంత్రం ఆమె కాయితం తెచ్చి మిషను మీద పెట్టింది. భర్త ఒక చొక్కాకు గుండీలు కుడుతూ చదివాడు.

"స్టోరంటే ఏముంటుంది? పెట్టెలు. లెక్కపెట్టి కూర్చోవచ్చు. నడుము నొప్పి కూడా తగ్గుద్ది."

"నిర్లక్ష్యం అని రాశారండీ."

"రాస్తే రాశారు. నువ్వు మురికిదానివని రాయలేదుగా. సీసాల్ని అన్నారు."

"నేనూ సీసాలూ వేరా?"

ఆయన సూది ఆపి ఆమె మొహం చూశాడు. ఇంక జోకు వేస్తే ఆ పూట అన్నం ఉండదని అర్థమై, మెమోను మడతపెట్టి మెల్లగా టేపు కింద పెట్టాడు. ఆమెకు స్టోరంటే భయం లేదు. ఎక్కడైనా పనే. ఇరవై మూడేళ్ళు కిటికీ వెలుతురులో నిలబడి చూసిన సీసాలు మురికివని ఫైలులో ఉండిపోవడం ఆమె తట్టుకోలేకపోయింది. ఆ మాటను అక్కడి నుంచి తీయించాలి. ఎలా అన్నది మాత్రం తెలియలేదు.

ఆ నెల మూడో వారంలో ఈడీటీఏ అయిపోయింది. డబ్బా తట్టి చూస్తే అడుగున చిటికెడు కూడా రాలలేదు. కొత్తది కావాలంటే ఖాళీ డబ్బా తెచ్చి చూపించాలని స్టోరు నియమం. స్టోరు కీపరు మంచివాడే కానీ నియమాన్ని పసిబిడ్డలా చూసుకునే మనిషి. బఫరక్క ఖాళీ డబ్బా పట్టుకెళ్ళింది. అలవాటు చొప్పున కడిగేసి పట్టుకెళ్ళింది. కడగడంలో చీటీ ఊడిపోయింది.

"ఇది ఏ డబ్బామ్మా?" అన్నాడు స్టోరు కీపరు.

"ఈడీటీఏది."

"దీని మీద ఏమీ లేదు."

"లోపల కూడా ఏమీ లేదు. కడిగాను."

ఆయన డబ్బాను దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "ఇంత తళతళలాడుతుంటే దీంట్లో ఎప్పుడో ఏదో ఉండేదని నేను ఎట్లా నమ్మాలి? కొత్తదంటే కొత్తదే ఇది. మీ సారు సంతకం తీసుకురండి."

ఆమె సీసాలు మరీ శుభ్రంగా ఉన్నాయని ఆ ఆవరణలో ఫిర్యాదు చేసిన అధికారి ఆయన ఒక్కడే. పాపం ఆయన సంఘంలో లేడు.

సారు సంతకం దొరకదు. పెద్దసారు జింకు ప్రాముఖ్యం మీద మాట్లాడడానికి వేరే ఊళ్ళో సభకు వెళ్ళారు. నాలుగు రోజులకు గానీ రారు. ఇక్కడ ఆరో ఏడు పన్నెండోసారి ప్రొటీన్ తీసి మంచులో పెట్టుకుని కూర్చుంది. ఈ సాయంత్రం బఫర్‌లో పడకపోతే రేపటికి పనికిరాదు.

"అక్కా, నాలుగింటికి ఇస్తావుగా?"

"ఎప్పుడైనా ఇవ్వలేదా తల్లీ?"

గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. గోడ మీది ఆరు వరసల్లో మొదటి నాలుగూ తూచి కలిపింది. ఐదో వరస దగ్గర చెంచా గాల్లో ఆగిపోయింది. ఎటూ పదకొండుసార్లు విరిగింది, ఇది లేకపోయినా విరుగుతుంది, విరిగిందంటే పన్నెండు. ఒకటో తారీకుకు స్టోరుకు పోయేదాన్ని ఇంకేం చేస్తారు. ఇలా తనకు తాను చెప్పుకుంటూనే ఐదోది దాటేసి ఆరోది తూచి వేసింది. ఇరవై మూడేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ కాయితాన్ని దాటలేదు. పులుపు సరిచేసి, సీసాలో పోసి, చీటీ మీద ఎప్పటిలాగే 'బఫర్ ఒకటి' అని రాసింది. అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఆ పూట ఇంటికి వెళ్ళి గ్లాసు వెలుతురుకు ఎత్తకుండానే నీళ్ళిస్తే భర్త భయపడ్డాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. తాగండి."

పొద్దున ఆమె వచ్చేసరికి ఆరో ఏడు చల్లగది బయట సంచీని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంది.  సంచీ తేటగా ఉంది. వెనకాల ఉన్న గోడ గడియారంలో ముల్లు కూడా దాంట్లోంచి కనబడుతోంది.

"ఏం చేశావక్కా?"

"నేనేం చేశాను? ఏమీ వెయ్యలేదు."

అది పూర్తి నిజం. కానీ ఆ నిజాన్ని ఆ అమ్మాయి వినే స్థితిలో లేదు. సంచీని ఎత్తుకుని ల్యాబంతా తిప్పి చూపించింది. బఫరక్క తన గదికి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. లోపల ఎక్కడో ఒక లెక్క మొదలైంది.

పెద్దసారు సభ నుంచి రాగానే సంగతి తెలిసి ఆమెను పిలిపించారు. మొహం వెలిగిపోతోంది.

"చూశావా అమ్మా? నేను చెప్తే ఎవరూ వినలేదు. మెమో ఇవ్వగానే ఏమైంది? సీసాలు శుభ్రపడ్డాయి, ప్రొటీను నిలబడింది. అంటే ఇన్నాళ్ళూ మురికి ఉన్నట్టే కదా."

 బఫరక్క తప్పు లేదని చెప్పాల్సిన సాక్ష్యమే ఆయన చేతిలో తప్పుకు రుజువైపోయింది.

"నేను కఠినుణ్ని కాదు," ఆయన ఇంకా అన్నారు. "శుక్రవారంలోగా ఒక లేఖ రాసివ్వు. ఇదివరకు నిర్లక్ష్యం చేశాను, ఇకమీదట చెయ్యను అని. బదిలీ ఆపేస్తాను. నీ గది నీకే ఉంటుంది."

"లేఖ ఎక్కడ పెడతారు సార్?"

"ఫైల్లోనే. ఇంకెక్కడ?"

బయటికి వస్తూ ఆమె గుమ్మం పక్కన థర్మకోలు బొమ్మ ముందు ఆగింది. ఆరేళ్ళుగా దుమ్ము దులిపినదాన్ని ఆ రోజు మొదటిసారి చూసింది. తర్వాత తిన్నగా ఆరో ఏడు బల్ల దగ్గరకు వెళ్ళింది.

"తల్లీ, ఆ బంతి నిజంగా ఉంటుందా, లేక చూడ్డానికి అందంగా ఉంటుందని పెట్టారా?"

"నిజంగానే ఉంటుందక్కా. జింకు అది."

"జింకంటే లోహమేగా?"

"లోహమే."

"దాన్ని ఎవరైనా లాగేస్తే?"

"కూలిపోతుంది. ముద్దయి తెల్లగా…" ఆ అమ్మాయి మాట అక్కడ ఆగింది.  ఆరో ఏడు లేచి ఆమె గదిలోకి నడిచి, గోడ మీది కాయితం ముందు నిలబడి, ఆరేళ్ళలో మొదటిసారి దాన్ని పైనుంచి కిందికి చదివింది. ఐదో వరస దగ్గర వేలు పెట్టింది. మొదట నవ్వింది. తర్వాత నేల మీద కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

అక్కడ జరిగింది అంతే. జింకు గురించి తెలిసినవాళ్ళు బఫర్ కలపరు. బఫర్ కలిపే మనిషికి జింకు గురించి ఎవరూ చెప్పరు. పగలంతా జింకు గొప్పతనం మీద ఉపన్యాసాలు విని, సాయంత్రం కాగానే ప్రొటీన్‌ను తీసుకెళ్ళి రెండు లీటర్ల జింకుదొంగలో ముంచి ఇళ్ళకు పోయేవారు. ల్యాబులో ఉన్న ఎనిమిది మంది, అందరూ డిగ్రీలున్నవాళ్ళు, పదకొండుసార్లు.

"సార్‌కి చెప్పొద్దక్కా," అంది ఆరో ఏడు కాసేపటికి కళ్ళు తుడుచుకుని. "ఆయన సొంత చేత్తో రాసింది అది. ఆ లేఖేదో ఇచ్చెయ్. మనం ఐదోది ఊరికే మానేద్దాం. ఎవరికీ తెలీదు. హాయిగా ఉంటాం."

"నువ్వు ఉంటావు. మీ సారూ ఉంటారు. నా సీసాలు మురికివని ఫైల్లో ఉంటుంది."

"ఆ ఫైలు ఎవరు చదువుతారక్కా?"

"నేను చదివాను."

 ఆ అమ్మాయి బుర్ర గోక్కుని, "అయితే ఏం చేద్దామంటావు?" అంది.

"నీ ప్రొటీన్ సగం ఇవ్వు. మిగతాది నేను చూసుకుంటాను."

సెలవులో ఉన్న ప్రొఫెసరు ఒకాయన అలమారాలోంచి ఆరో ఏడు కాస్త ఈడీటీఏ అరువు తెచ్చింది. బఫరక్క రెండు బీకర్లు తీసింది. రెండూ ఒకే తొట్టిలో, ఒకే నీళ్ళతో, ఒక్కొక్కటి పదేసిసార్లు కడిగి, కిటికీలో ఎత్తి చూసింది. ఒకదాంట్లో గోడ మీద ఉన్నట్టే ఆరూ. ఇంకోదాంట్లో ఐదోది తప్ప మిగతావి. ఒకే గొట్టంలోని ప్రొటీన్‌ను రెండు సంచుల్లో పోసి, రెండిట్లో ముంచి, చల్లగదిలో పక్కపక్కన పెట్టారు. ఈసారి చీటీల మీద ఏముందో అదే రాసింది.

శుక్రవారం పొద్దున పదింటికి ఆమె పెద్దసారు బల్ల మీద రెండు గాజుగొట్టాలు పెట్టింది. ఒకటి తేట. ఒకటి విరిగిన పాలు.

"లేఖ ఏదమ్మా?" అన్నారు ఆయన.

"ముందు ఇవి చూడండి సార్. ఒకే ప్రొటీను. ఒకే రోజు. ఒకే తొట్టిలో కడిగిన బీకర్లు. దీంట్లో మీరు రాసినవి ఆరూ వేశాను. దీంట్లో కాపలాదారును వెయ్యలేదు."

పెద్దసారు తేట గొట్టం చూశారు. పాల గొట్టం చూశారు. మందపాటి అద్దాల వెనక ఆయన కళ్ళు ఒకసారి గట్టిగా మూసుకుని తెరుచుకున్నాయి. ఎంతైనా చదువుకున్న మనిషి, క్షణంలో అర్థమైపోయింది. అర్థమైనదాన్ని ఏం చెయ్యాలన్నదే అర్థం కాలేదు.

"ఈ ప్రొటీనుకు లోహం కావాలని నీకు ఎవరు చెప్పారు?"

"మీరే సార్. ఎవరొచ్చినా బెత్తం పెట్టి చెప్తారుగా. నేను పక్కనే తుడుస్తుంటాను."

ఆయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు. "నేను ఎప్పటినుంచో అనుమానిస్తూనే ఉన్నాను."

"మరి సంఘం సార్?"

"అది వేరే విషయం." ఒక్కసారిగా దారి దొరికినట్టు ముందుకు వంగారు. "అంటే నేను ఊళ్ళో లేనప్పుడు, నా అనుమతి లేకుండా, నా బఫర్ మార్చావన్నమాట. చీటీ మీద మాత్రం మార్చలేదు."

"మార్చాను సార్. చీటీ మీద రాయలేదు. అది నా తప్పే."

ఇంత సులభంగా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. దాంతో ఆయనకు మళ్ళీ పెద్దరికం వచ్చింది. "చూడమ్మా, రెండు దారులున్నాయి. సీసాల లేఖ ఇచ్చావంటే ఈ మార్చిన సంగతి నేను మర్చిపోతాను. నీ గదిలో నువ్వుంటావు. లేదంటే ఆదేశం మీరినందుకు ఇంకో మెమో, మూడు నెలలు స్టోరు. నీ మంచికే చెప్తున్నాను."

"రెండోదే ఇవ్వండి సార్."

"బాగా ఆలోచించుకో."

"అది నేను చేశాను సార్, ఒప్పుకుంటాను. మొదటిది చెయ్యలేదు. దాన్ని కొట్టెయ్యండి."

"కొట్టెయ్యడానికి అదేమన్నా చిత్తు కాయితమా? నంబరు పడింది. సంఘం తేల్చింది."

"అయితే ఈ రెండు గొట్టాలూ సంఘానికే పట్టుకెళ్ళి చూపిస్తాను సార్. ఈసారి ఆ సారుకి జలుబు కూడా లేదు, వాసన బాగానే చూస్తారు."

 ఐదో వరస ఎవరి చేతిరాతో సంఘంలో ముగ్గురికీ తెలుసు. పైఅంతస్తువాళ్ళకు కూడా తెలుసు, పైగా వాళ్ళు కుర్చీల రబ్బరు సంగతి ఇంకా మర్చిపోలేదు. పెద్దసారు ఫైలు తెప్పించారు. మొదటి మెమో మీద అడ్డంగా ఒక గీత గీసి, 'రద్దు' అని రాసి, సంతకం చేశారు. బఫరక్క తొంగి చూసి అంది:

"తారీకు వెయ్యలేదు సార్."

ఆయన పళ్ళ బిగువున తారీకు వేశారు. రెండో మెమో అరగంటలో తయారై వచ్చింది. ఆమె అక్షరం అక్షరం చదివింది. నిర్లక్ష్యం అన్న మాట ఎక్కడా లేదు. సంతకం చేసి, రద్దయిన మెమో నకలు కూడా అడిగి తీసుకుని, మడత పడకుండా అట్ట మధ్యలో పెట్టుకుంది.

మూడు వారాలకు పెద్దసారు ఆ రెండు గొట్టాల ఫోటో తెర మీద వేసి ఉపన్యాసం ఇచ్చారు. జింకు లేకపోతే ఆకారం కూలిపోతుందని నిరూపించడానికి తాము ఉద్దేశపూర్వకంగా రూపొందించిన ప్రయోగమని చెప్పారు. చప్పట్లు బాగా కొట్టారు. గోడ మీది కాయితంలో ఐదో వరస చివర 'అవసరాన్ని బట్టి' అని ఒక ముక్క చేరింది. పాత సిరా రంగుకు దగ్గరగా ఉండే పెన్ను కోసం ఆయన రెండు రోజులు వెతికారని ఆరో ఏడు చెప్పింది. ఆరో ఏడు పరిశోధన చకచకా సాగుతోంది. బఫర్లు ఇప్పుడు ఆ అమ్మాయే కలుపుకుంటోంది.

ఆ ఉపన్యాసానికి ముందే, ఒకటో తారీకు పొద్దున, అన్నం డబ్బా పట్టుకుని బఫరక్క స్టోరుకు వెళ్ళింది. స్టోరు కీపరు కుర్చీ జరిపి, ఆమెకు ఒక స్టూలు చూపించి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకీ దేనికి పంపారమ్మా?"

"చెప్పిన మాట వినలేదని."

"అదేంటి? సీసాలు కడగడం రాదని కదా నేను విన్నాను?"

"అది రద్దయింది," అంటూ ఆమె అట్ట తీసి నకలు ఆయన ముందు పెట్టింది. "నంబరూ తారీకూ ఉన్నాయి. చదవండి. పైకి చదవండి, ఆ లోపల పెట్టెలు సర్దేవాళ్ళకు కూడా వినబడాలి."